వెనక్కి తిరిగిన వాద్యం: ఒక ఛాంబర్ సంగీతోత్సవంలో రెండు హార్న్ సాయంత్రాలు

మొదటి సాయంత్రం వేదిక వెనుక గోడ మీద పైనుంచి కిందిదాకా మందపాటి నల్లటి తెర వేలాడుతోంది. రెండో సాయంత్రం ఆ తెర లేదు. రెండు రోజులపాటు హార్న్ అనే పాశ్చాత్య ఇత్తడి ఊదువాద్యం చుట్టూ అల్లుకున్న ఈ ఛాంబర్ సంగీతోత్సవం, అంటే కొద్దిమంది వాద్యకారులు కలిసి వాయించే కచేరీల ఉత్సవం, ఎలా ఉందని ఎవరైనా అడిగితే నేను ముందుగా ఆ తెర సంగతే చెబుతాను. వయొలిన్ నాదం శ్రోతల వైపుకు వస్తుంది, మూత తెరిచిన పియానో నాదమూ శ్రోతల వైపుకే వస్తుంది. హార్న్ మాత్రం తన బూర మూతిని వాద్యకారుడి కుడిపక్క నుంచి వెనక్కి తిప్పుకుని గోడతో మాట్లాడుతుంది. హాలులో కూర్చున్నవాళ్ళకు చేరేది చాలావరకు ఆ గోడ తిరిగి చెప్పిన మాట. అలాంటి గోడకు గుడ్డ చుట్టి, ఆ ముందు హార్న్ వాద్యకారులను కూర్చోబెట్టిన నిర్వాహకులకు ఈ వాద్యం మీద ప్రేమ లేదని నేను అనను, కానీ తొలిరోజు వాళ్ళు దాని వెనక్కి వెళ్ళి ఒక్కసారి నిలబడి చూడలేదని మాత్రం అంటాను.

కార్యక్రమం ఏర్పాటు ఇదీ. మొదటి సాయంత్రం మోజార్ట్ హార్న్ క్వింటెట్ (అయిదుగురు వాయించే రచన), హార్న్, పియానోల కోసం బీతోవెన్ రాసిన హార్న్ సొనాటా, షూమన్ రాసిన 'అడాజియో, అలెగ్రో' (నెమ్మది భాగం, వేగం భాగం). మర్నాడు ఉదయం గంటన్నర సోదాహరణ ప్రసంగం. ఆ సాయంత్రం మెస్సియాన్ ఒంటరి హార్న్ కోసం రాసిన రచన, దాని వెంట లిగెటి ట్రయో (వయొలిన్, హార్న్, పియానో ముగ్గురి రచన), విరామం తరువాత అవే మూడు వాద్యాలకు బ్రామ్స్ రాసిన ట్రయో. హార్న్ వాయించినవారు ఇద్దరు. ఒకావిడ వాల్వులు, అంటే గొట్టం పొడవు మార్చే మీటలు, లేని సహజ హార్న్ మీద మోజార్ట్, బీతోవెన్, బ్రామ్స్ రచనలను వాయించారు. మరొకాయన ఈనాటి వాల్వ్ హార్న్ మీద మిగిలిన మూడింటినీ వాయించారు. కరపత్రంలో వరుస చూసినప్పుడు, బ్రామ్స్‌కు నివాళిగా లిగెటి రాసిన ట్రయోను ముందు వాయించి, నివాళి అందుకున్న ట్రయోను తరువాత వాయించడం ముందు జవాబు విని తరువాత ప్రశ్న విన్నట్టుంటుందని అనుకున్నాను. ఆ అభిప్రాయం రెండో రాత్రికి మారిపోయింది, ఎందుకు మారిందో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

అందుకోసం కాలక్రమాన్ని కాస్త తప్పించి, మర్నాటి ఉదయం జరిగిన ప్రసంగంతో మొదలుపెడతాను. ఈ ఉత్సవం మొత్తానికి అత్యుత్తమమైన గంటన్నర అదే. పెద్ద హాలులో కాక పక్కనున్న చిన్న గదిలో పెట్టారు కాబట్టి, రెండో వరుసలో కూర్చున్న నాకు సహజ హార్న్ వాయించే ఆవిడ కుడి అరచెయ్యి స్పష్టంగా కనిపించింది. బల్ల మీద ఇత్తడి గొట్టాల చుట్టలు వరుసగా పేర్చి ఉన్నాయి. చిన్న చుట్ట అరచేతిలో ఇమిడేటంత, పెద్దది పళ్ళెమంత. సహజ హార్న్‌కు వాల్వులు ఉండవు. రచన ఏ శ్రుతిలో ఉంటే దానికి తగిన చుట్టను, అంటే క్రూక్‌ను, తగిలించి గొట్టం మొత్తం పొడవును మార్చుకోవాలి. పాశ్చాత్యులు ఎఫ్ అని పిలిచే శ్రుతికి గొట్టం సుమారు 3.7 మీటర్లు, దానికన్నా దిగువనున్న ఇ-ఫ్లాట్‌కు సుమారు 4.2 మీటర్లు. ఆవిడ ఇ-ఫ్లాట్ చుట్టను బిగించి, చేతిని బూర మూతిలో పెట్టకుండా, పెదవుల బిగింపు ఒక్కటే మారుస్తూ కింది నుంచి పైకి ఊదుకుంటూ వెళ్ళారు.

వినబడిన వరుసను మన స్వరాల్లో చెబితే ఇలా ఉంటుంది. మొదట షడ్జమం, మళ్ళీ షడ్జమం, పంచమం, పై షడ్జమం, అంతర గాంధారం, పంచమం. తంబూరా శ్రుతిలో ఎవరూ మీటకుండానే వినబడే గాంధారం ఇదే, ఈ వరుసలో అయిదోది. ఇంతవరకు చెవికి హాయిగానే ఉంటుంది. ఏడో స్వరం దగ్గర ఇబ్బంది మొదలవుతుంది. అది నిషాదమే, కానీ పియానో మీద ఉండే కోమల నిషాదం కన్నా దాదాపు అర్ధస్వరంలో (పియానో మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో) మూడో వంతు కిందికి ఉంటుంది. పదకొండోది మరీ మొండిది. శుద్ధ మధ్యమం కాదు, ప్రతి మధ్యమం కాదు, రెంటికీ సరిగ్గా నడుమ కూర్చుని ఎటూ జరగనంటుంది. ఆవిడ ఆ పదకొండో స్వరాన్ని పొడుగ్గా పట్టి ఊదినప్పుడు నా పక్కనున్నాయన నొచ్చుకున్నట్టు తల పక్కకు తిప్పారు. అప్పుడావిడ నవ్వి, చేతిని బూర మూతిలో పెట్టి, దోసిట్లో నీళ్ళు పట్టినట్టు వేళ్ళను దగ్గర చేసి, అదే స్వరాన్ని కాస్త మూసి శుద్ధ మధ్యమంగా వినిపించారు.

పద్ధెనిమిదో శతాబ్దం మధ్యలో డ్రెస్డెన్‌లో పనిచేసిన అంటోన్ హాంపెల్ ఈ చేతి విద్యను ఒక పద్ధతిలో పెట్టినవాడిగా పేరు పొందాడు. బూర మూతిలో అరచెయ్యి పెట్టి, కొంచెం మూస్తే స్వరం దిగుతుంది, మరికొంత మూస్తే ఇంకా దిగుతుంది. గొట్టం ఇవ్వని స్వరాలను చెయ్యి ఇస్తుంది. అయితే ఇది ఉచితంగా దొరికేది కాదు. మూసిన స్వరం ముక్కు పట్టుకుని మాట్లాడినట్టు సన్నగా, కాస్త బొంగురుగా వస్తుంది, తెరిచిన స్వరం గొంతు విప్పి పలికినట్టు నిండుగా వస్తుంది. కనుక సహజ హార్న్ మీద ఏ రాగం వాయించినా స్వరస్వరానికీ వెలుతురు మారుతూ ఉంటుంది. 1814 ప్రాంతంలో హైన్రిఖ్ ష్టోల్‌ట్సెల్ వాల్వును ముందుకు తెచ్చాక ఆ తేడా మెల్లగా తుడిచిపెట్టుకుపోయింది. ఎడమచేతి వేళ్ళతో వాల్వు నొక్కితే లోపల అదనపు గొట్టం తెరుచుకుని పొడవు మారుతుంది, అన్ని స్వరాలూ తెరిచిన గొంతుతోనే పలుకుతాయి. అలా పోగొట్టుకున్నది ఏమిటన్నది ఆవిడ మాటల్లో చెప్పలేదు, ఒకే నాలుగు స్వరాల పదాన్ని రెండు వాద్యాల మీదా వరుసగా వాయించి ఊరుకున్నారు. ప్రసంగాన్ని నడిపిన పెద్దమనిషి మాత్రం ఊరుకోలేదు. ఆవిడ ఊదబోయిన ప్రతిసారీ మౌత్‌పీస్ పెదవికి చేరేలోపు ఇంకొక ప్రశ్న అందించారు. ఆ గంటన్నరలో ఒక పావుగంట ఆయన ఖాతాలోనే పోయింది.

ఇక మొదటి సాయంత్రం. మోజార్ట్ ఈ క్వింటెట్‌ను 1782లో, సాల్జ్‌బర్గ్ రోజుల నుంచీ తనకు తెలిసిన హార్న్ వాద్యకారుడు యోసెఫ్ లాయిట్‌గెబ్ కోసం రాశాడు. హార్న్‌తో పాటు ఒక వయొలిన్, మంద్రంగా పలికే ఒక చెల్లో, వయొలిన్ కన్నా కాస్త పెద్దవైన రెండు వయోలాలు ఉంటాయి. మామూలుగా ఉండే రెండో వయొలిన్ స్థానంలో రెండో వయోలాను పెట్టడం వల్ల తీగల నాదం హార్న్ గొంతుకు దగ్గరగా, కాస్త ముదురు రంగులో ఉంటుంది. లాయిట్‌గెబ్‌ను మోజార్ట్ ఆటపట్టించడం ప్రసిద్ధమే. 1783లో అతనికి రాసిన ఒక కన్చెర్టో (ఒక వాద్యం ముందుండి వాద్యబృందంతో కలిసి వాయించే రచన) మీద, లాయిట్‌గెబ్ అనే గాడిద, ఎద్దు, వెర్రివాడి మీద జాలిపడి రాసినట్టుగా ఒక మాట కూడా రాసిపెట్టాడు. కానీ క్వింటెట్ నడిమి భాగం వింటే ఆ వెర్రివాడు ఎంతటి గాయకుడో తెలుస్తుంది. ఈ భాగంలో ఆవిడ మూసిన స్వరాలను దాచడానికి ప్రయత్నించలేదు. వయొలిన్‌కు జవాబిచ్చేటప్పుడు పదం చివరి స్వరం మూసిన స్వరమైతే దాన్ని ఒక మాటను సగంలో మింగినట్టు వదిలారు, తెరిచిన స్వరమైతే నిలబెట్టారు. నల్ల తెర ఆ తేడాను చాలావరకు తాగేసింది. ఎడమవైపు మూడో వరుసలో నాకు వయొలిన్ పూర్తిగా వినబడింది, రెండు వయోలాలూ వినబడ్డాయి, హార్న్ మాత్రం పక్కింటి కిటికీలోంచి వస్తున్నట్టు ఉంది. చివరి భాగంలోని పరుగులు మాత్రం తెరకు లొంగలేదు. వాటిలో ఒకచోట ఆవిడే నవ్వు ఆపుకోవడం కనిపించింది.

అక్కడక్కడా స్వరాలు చిట్లాయి. దీనికి కారణం తెలిస్తే ఎవరూ లెక్కపెట్టరు. వరుసలో ఎనిమిదో స్వరం దాటాక పక్కపక్క స్వరాల మధ్య దూరం ఒక పూర్తి స్వరం (రెండు అర్ధస్వరాలు) గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటుంది. పెదవి బిగింపులో వెంట్రుకవాసి తేడా వస్తే గొట్టం పొరుగు స్వరాన్ని పలుకుతుంది. నా వెనుక కూర్చున్నాయన ప్రతి చిట్లుకూ నాలుకతో చప్పరించి లెక్కపెట్టారు. ఏడు, అని విరామంలో ఎవరికో చెబుతుంటే విన్నాను.

బీతోవెన్ సొనాటా నాకు నచ్చలేదు, అందులో హార్న్ తప్పు ఏమీ లేదు. ఈ రచనను 1800 ఏప్రిల్ 18న వియన్నాలో బీతోవెన్ స్వయంగా పియానో దగ్గర కూర్చుని, జొవాన్ని పుంతోతో కలిసి తొలిసారి వాయించాడు. పుంతో అసలు పేరు యాన్ వాత్స్లావ్ ష్టీహ్. తన యజమానియైన ప్రభువు కొలువు నుంచి పారిపోయి ఇటలీ పేరు పెట్టుకున్నాడు, వెంటపడిన మనుషులకు ఆ ప్రభువు, వాడు ఇక ఎన్నడూ హార్న్ ఊదకుండా ముందు పళ్ళు రాలగొట్టండని ఆజ్ఞాపించాడని కథగా చెబుతారు. ఆనాటి పియానో చెక్క చట్రంతో, సన్నని తీగలతో, సహజ హార్న్‌కు సరితూగే గొంతుతో ఉండేది. ఈ సాయంత్రం వేదిక మీద ఉన్నది ఈనాటి పూర్తి కచేరీ పియానో, మూత పూర్తిగా తెరిచి. దాని పక్కన ఆవిడ మూసిన స్వరాలు అసలు చెవినే పడలేదు. మొదటి భాగం మధ్యలో ఆవిడ ఊపిరి పోసి బిగ్గరగా ఊదడం మొదలుపెట్టాక అవి వినబడ్డాయి గానీ, అప్పటికి వాటి రంగు పోయింది. మూత సగం దించి ఉంటే ఈ మాటలు రాసే అవసరం ఉండేది కాదు.

షూమన్ రచన 1849లో పియానోతో కలిసి వాల్వ్ హార్న్ కోసం రాసినది. నెమ్మది భాగం బాగుంది. వేగం భాగంలో వాల్వ్ హార్న్ వాయించినాయన కాస్త ఎక్కువే తొందరపడ్డారు. పెదవికి విశ్రాంతి దాదాపు ఇవ్వని రచన కనుక తొందరగా ఒడ్డున పడాలని అనుకున్నారేమో.

రెండో సాయంత్రం హాలులో అడుగుపెట్టగానే తెర లేకపోవడం చూశాను. వెనుక చెక్క పలకల గోడ మొత్తం కనబడుతోంది. ఈసారి నేను నడిమి వరుసల్లో, మరికాస్త వెనగ్గా సీటు అడిగి తీసుకున్నాను. హార్న్ వినదలచినవాళ్ళకు ఇదే నా సలహా: వేదికకు అంటిపెట్టుకుని ఉన్న సీట్లు ఈ వాద్యానికి మంచివి కావు. సీటు మార్చమని అడిగితే టికెట్ల దగ్గర ఉన్నవాళ్ళు విసుక్కోకుండా మార్చి ఇచ్చారు, ఈ మాట కూడా రాయాలి.

మెస్సియాన్ రచనకు 'నక్షత్రాల మధ్య పిలుపు' అని అర్థం వచ్చే పేరు. 1971లో మరణించిన సంగీతకర్త జాన్-పియర్ గెజెక్ స్మృతిలో రాసి, తరువాత 1974లో తొలిసారి వినిపించిన తన పెద్ద రచనలో ఒక భాగంగా చేర్చుకున్నాడు. వాల్వును సగమే నొక్కి స్వరాన్ని ఊగించడం, నాలుకను అదిలిస్తూ ఊదడం, చేతిని పూర్తిగా మూసి ఇత్తడి బుసలా పలికించడం, ఒక పిలుపు వేసి చాలాసేపు నిశ్శబ్దంగా ఊరుకోవడం ఇందులో ఉన్నాయి. వీళ్ళు తమంతట తాము చేసిన ఏర్పాటు ఒకటి బాగుంది. మూత తెరిచిన పియానో వైపు బూర మూతి ఉండేలా వాద్యకారుడు నిలబడ్డారు, పియానో ముందు కూర్చున్నావిడ చేతులు ఒడిలో పెట్టుకుని కాలితో తీగలను స్వేచ్ఛగా మోగనిచ్చే పెడల్‌ను మాత్రం నొక్కి పట్టుకున్నారు. పిలుపు ఆగాక పియానో తీగలు ఎవరూ తాకకుండానే ఆ స్వరాలను కాసేపు పట్టుకుని మోగాయి. ఆ మోత సన్నబడి సన్నబడి పోయేచోట ఏసీ హోరు వినబడింది. ప్రతి నిశ్శబ్దంలోనూ వినబడింది. రచన సగానికి వచ్చేసరికి హాలులో సగం మంది నక్షత్రాలను వదిలి ఏసీ వైపు చూస్తున్నారు.

నిర్వాహకుల్లో ఒకరికి అది అర్థమైనట్టుంది, లిగెటికి ముందు ఏసీ ఆపేశారు. దాని పర్యవసానం తరువాత చెబుతాను.

లిగెటి ఈ ట్రయోను 1982లో పూర్తిచేశాడు. బ్రామ్స్ పుట్టిన హాంబుర్గ్‌లోనే అప్పుడు సంగీత రచన నేర్పుతున్నాడు. బ్రామ్స్‌కు నివాళి అని రచనకు ఉపశీర్షిక పెట్టినా, మొదట్లో వినబడే నీడ బీతోవెన్‌ది. 'వీడ్కోలు' అనే పేరుతో పిలిచే పియానో సొనాటా మొదట్లో హార్న్ జంట పిలుపును అనుకరించే మూడు స్వరజంటలు ఉంటాయి, లిగెటి వాటిని వయొలిన్‌కు ఇచ్చి, ఒక్కొక్కదాన్నీ కొద్దిగా వంకర చేశాడు. తెలిసిన మనిషిని తడి అద్దంలో చూసినట్టు ఉంటుంది. హార్న్ ప్రవేశించాక అసలు సంగతి మొదలవుతుంది. వాద్యకారుడి చేతిలో వాల్వులున్నాయి, ఏ స్వరాన్నైనా సరిచేసుకోగలడు. సరిచేయవద్దనే లిగెటి రాశాడు. ఏ పొడవు గొట్టం మీద ఎన్నో స్వరాన్ని ఊదాలో చెప్పి, అది ఏడోదైతే ఏడోదిగా, పదకొండోదైతే పదకొండోదిగా, కిందికి ఉన్నది కిందికే ఉంచమన్నాడు. పక్కనే పియానో తన సమానమైన పన్నెండు స్వరాలతో నిలబడి ఉంటుంది. ఆ ఉదయం మా పొరుగాయన తల తిప్పుకున్న మధ్యమమే ఇక్కడ పియానో మధ్యమం పక్కకు వచ్చి నిలబడినప్పుడు, రెంటి నడుమ గాలి అలలు అలలుగా కొట్టుకోవడం వినబడింది. నేను ఆయన కోసం వెతికాను. నాలుగు సీట్ల అవతల ముందుకు వంగి కూర్చుని ఉన్నారు.

రెండో భాగం మూడు, మూడు, రెండుగా విడిపోయే కుంటి నడకతో పరుగెడుతుంది, బల్గేరియా జానపద లయల పోలిక అందులో ఉంది. పియానో వాయించినావిడ ఎడమ చెయ్యి ఈ నడకను ఒక్కసారీ జారవిడవలేదు. మూడో భాగం కవాతు. వయొలిన్, పియానో ఒకే అడుగుతో బయల్దేరి, ఒకటి మరొకదాని నుంచి అరక్షణం తప్పి, తప్పిన అడుగుతోనే బింకంగా సాగుతాయి. అది ముగియగానే చప్పట్లు మోగాయి. శ్రోతలను అనడానికి లేదు. కరపత్రంలో ఈ ట్రయోకు మూడు భాగాలే అచ్చువేశారు, నాలుగోదైన 'విలాపం' ఎగిరిపోయింది. వాద్యకారులు ముగ్గురూ చేతులు కదపకుండా, ఎవరి కళ్ళలోకీ చూడకుండా కూర్చుని ఉండటం చూసి ఆ చప్పట్లు ఒక్కొక్క చెయ్యిగా ఆగిపోయాయి. ఇంతటి రచనకు కరపత్రం రాసినవాళ్ళు ఒక్కసారి స్వరలిపి ఆఖరి పేజీ తిరగేసి ఉంటే బాగుండేది.

విలాపం నెమ్మదిగా దిగుతుంది. ఏడుపు స్వరం ఒక్కో మెట్టు దిగుతూ, పోగవుతూ, ఒక దశలో పియానో పాతాళానికి దిగి చర్మవాద్యంలా మోగుతుంది. చివర్లో వయొలిన్ అందనంత పైన, హార్న్ దాదాపు ఊపిరి మాత్రమే మిగిలినంత కింద, నడుమ ఏమీ ఉండదు. హార్న్ వాద్యకారుడి పెదవుల చివర్లు వణకడం నాకు కనిపించింది, స్వరం మాత్రం వణకలేదు. ఏసీ ఆపిన విలువ అప్పుడు తెలిసింది. ముందురోజు షూమన్‌లో తొందరపడిన మనిషి ఈయనేనా అనిపించింది.

విరామం తరువాత బ్రామ్స్. అప్పటికి హాలు బాగా వేడెక్కింది. గాలి వేడెక్కితే ఊదే వాద్యాల శ్రుతి పైకి పోతుంది, పియానో శ్రుతి వాటితో పాటు పైకి రాదు. ఆవిడ మొదలుపెట్టకముందు గొట్టాన్ని కాస్త బయటికి లాగి శ్రుతి దించుకున్నారు. రెండో భాగం అయ్యాక మళ్ళీ కొంచెం లాగారు. ఆ వ్యవధిలోనే హార్న్‌ను చేతుల్లో గుండ్రంగా ఒక చుట్టు తిప్పి, లోపల చేరిన తేమను నేలమీదికి వంచేశారు. నాలుగు చుక్కలు పడ్డాయి. పియానో మూత ఈసారి సగమే తెరిచి ఉంది. ముందురోజు సంగతి ఎవరో గమనించారన్నమాట.

బ్రామ్స్ 1865లో, తల్లి పోయిన ఏడాది, ఈ ట్రయోను రాశాడు. అప్పటికి వాల్వ్ హార్న్ వాడుకలోకి వచ్చి చాలాకాలమైంది. అయినా చిన్నప్పుడు తాను నేర్చుకున్న సహజ హార్న్ కోసమే రాశాడు. ఇ-ఫ్లాట్ చుట్ట బిగించాక మధ్యలో మార్చే అవకాశం ఉండదు కాబట్టి నాలుగు భాగాలూ ఆ షడ్జమాన్నే అంటిపెట్టుకుని ఉంటాయి. మొదటి భాగం అతని ఛాంబర్ రచనల్లో అరుదైన తీరులో, వాదోపవాదాలు లేకుండా, కలలో నడిచినట్టు సాగుతుంది. రెండో భాగం వేట గుర్రాల పరుగు; ఇందులో ఆవిడ రెండుచోట్ల తడబడ్డారు, తడబడినచోట ఆగకుండా దూకేశారు.

మూడో భాగం, దుఃఖంగా నెమ్మదిగా వాయించమని రాసిన భాగం, నేను ఈ ఉత్సవానికి వెళ్ళినందుకు దక్కిన ఫలం. ఇది ఇ-ఫ్లాట్ మైనర్‌లో ఉంటుంది, అంటే మన లెక్కలో గాంధారం సాధారణ గాంధారం. గొట్టం తనంతట తాను ఇచ్చే గాంధారం అంతర గాంధారం. కనుక రాగం దుఃఖపు గాంధారం మీదికి వచ్చిన ప్రతిసారీ ఆవిడ చేతిని మూయాలి. ఉదయం ప్రసంగంలో ఆ చేతి కదలికను దగ్గర్నుంచి చూసి ఉన్నాను కాబట్టి ఇంత దూరం నుంచీ పోల్చుకోగలిగాను. మోచెయ్యి కొంచెం ముందుకు వచ్చేది, స్వరం గొంతులో అడ్డుపడినట్టు సన్నబడేది, మళ్ళీ పంచమం మీదికి వెళ్ళగానే చెయ్యి తెరుచుకునేది. వాల్వ్ హార్న్ మీద ఈ భాగాన్ని రికార్డుల్లో ఎన్నోసార్లు విన్నాను, గాంధారం అక్కడ మిగతా స్వరాల్లాగే గుండ్రంగా, ఆరోగ్యంగా ఉంటుంది. అది ఇంత శ్రమపడి పలికే స్వరమని నాకు ఇంతకుముందు తెలియదు. పియానో కింది స్థాయిలో మెల్లగా విరజిమ్మిన తీగల తరువాత, వయొలిన్, హార్న్ రెండే మిగిలి ఒకదాని వెంట ఒకటి నడిచేచోట, తీగ మీద ఏ స్వరమైనా ఒకే తేలికతో పలికే వయొలిన్ పక్కన హార్న్ ఒక్కో మూసిన స్వరాన్నీ మోసుకుని వస్తున్నట్టు ఉంది. తెర లేని చెక్క గోడ ఆ సన్నని స్వరాలను కూడా పోనివ్వకుండా పట్టి తిరిగి ఇచ్చింది.

లిగెటిని ముందు పెట్టడంలోని ఔచిత్యం నాకు ఇక్కడే బోధపడింది. గంట ముందు వినిపించిన ట్రయో, గొట్టం ఇచ్చిన స్వరాన్ని అది ఇచ్చినట్టే వినమని నా చెవికి పని పెట్టింది. ఆ చెవితో బ్రామ్స్‌ను వింటే, ఏ స్వరం గొట్టానిది, ఏ స్వరం చేతిది అన్న తేడా మెలకువగా వినబడింది. మామూలు వరుసలో బ్రామ్స్ ముందు వాయించి ఉంటే మూసిన స్వరాలను పాత వాద్యపు లోపాలుగా క్షమించి ఊరుకునేవాణ్ణి. మూడో భాగం చివరి దగ్గర, దుఃఖం మధ్యలోనే, తరువాత రాబోయే చివరి భాగపు రాగం ఒక్క క్షణం తలెత్తి చూసి వెళ్ళిపోతుంది; చివరి భాగం మొదలయ్యాక అదే రాగం మేజర్‌లో, అంటే అంతర గాంధారంతో, తెరిచిన చేతితో, వేట పరుగుగా వస్తుంది. ఆవిడ మోచెయ్యి అప్పటినుంచి చాలావరకు కదలలేదు.

నిర్వాహకులు వచ్చేసారి కూడా హార్న్‌ను తలపెడితే, నాదొక కోరిక ఉంది. ఇంగ్లీషు సంగీతకర్త బెంజమిన్ బ్రిటన్ 1943లో టెనర్ (హెచ్చుస్థాయి మగ గొంతు) గాయకుడు, హార్న్, తీగవాద్యాల కోసం రాసిన 'సెరెనేడ్' మొదట్లోనూ చివర్లోనూ ఒంటరి హార్న్ వాల్వులు తాకకుండా సహజ స్వరాలతోనే పలుకుతుంది, చివరిసారి వేదిక వెనుక నుంచి. మోజార్ట్‌కూ లిగెటికీ నడుమ ఉన్న ఖాళీలో అది చక్కగా కూర్చుంటుంది. కాకపోతే పది పదిహేను మంది తీగవాద్యకారులు కావాలి, ఛాంబర్ ఉత్సవానికి అది బరువే. కరపత్రాన్ని అచ్చుకు పంపేముందు వాయించేవాళ్ళకు ఒకసారి చూపించడానికి మాత్రం ఏ బరువూ లేదు.

చప్పట్లు ఆగి హాలు ఖాళీ అవుతుండగా వేదిక దగ్గరికి వెళ్ళాను. ఆ నల్లటి తెర మడతపెట్టి ఒక మూలన పడి ఉంది, పక్కనే నిచ్చెన వేస్తున్నారు. ఎవరు తీయించారని అక్కడ పనిచేస్తున్న కుర్రవాణ్ణి అడిగాను.

"పొద్దున ఆ హార్న్ మేడమ్ అడిగారండీ, తీసేశాం. రేపు ఇక్కడ ఉపన్యాసాల సభ ఉంది సార్, మళ్ళీ కట్టేయాలి," అని నిచ్చెన ఎక్కాడు.